పొదకు చోటులేని పచ్చదనం

ఢిల్లీలో నేల తడిగా ఉంటే దాన్ని రోగంలాగే చూస్తారు. కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో ఎవరైనా పార్కు మూల వానాకాలమంతా చిత్తడిగా ఉంటోందని అంటే, ఆ వెంటనే వచ్చే మాట మట్టి తోలించడం గురించే. మట్టి పోయిస్తారు, చదును చేయిస్తారు, పచ్చిక పరిపిస్తారు, అంచు వెంట బోగన్‌విల్లా నాటిస్తారు. ద్వారకలో, నోయిడాలో, గురుగ్రామ్‌లో ఇదే తంతు. యమున ఒడ్డుకు వస్తే డబ్బు పెరుగుతుంది, ఆలోచన మారదు. నది మునిగే నేలను నడకదారులుగా, ఫోటోలు దిగే తోటలుగా మార్చడాన్నే పునరుద్ధరణ అంటున్నారు.

వీటన్నిటి వెనకా ఉన్నది ఒకే నమ్మకం. తడి నేల పనికిరానిది, పొద అంటే పీకేయవలసిన పిచ్చిమొక్క, ఏవో కొన్ని పూలుంటే తేనెటీగల సంగతి అవే చూసుకుంటాయి. చదువుకున్నవాళ్లు, చెట్లంటే ప్రేమ ఉన్నవాళ్లు కూడా దీన్ని నమ్ముతున్నారు. అందుకే దీన్ని గట్టిగా కాదనవలసి వస్తోంది. రాజధాని ప్రాంతంలోని తడి నేల పూడ్చవలసిన లోపం కాదు. నగరం తేనెటీగలకూ తుమ్మెదలకూ తిండి లేకుండా చేసే నెలల్లో వాటిని పోషించగల చోటు అదే. అక్కడ పెరగవలసినవి మన వావిలి, జీలుగ, ఇక్కడివాళ్లు ఝావు అనే ఏటి పొద.

ముందుగా, ఢిల్లీ ఎండు ఊరు, ఇక్కడ తడి మొక్కల మాటెందుకు అనేవారికి జవాబు చెప్పాలి. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రం లెక్కలో ఢిల్లీ సగటు వార్షిక వర్షపాతం దాదాపు 774 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వంతు జులై, ఆగస్టు, సెప్టెంబరులోనే పడుతుంది. 2024 జూన్ 28న అక్కడే ఒక్కరోజులో 228 మిల్లీమీటర్లు కురిసింది. 2023 జులై 13న పాత రైల్వే వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. కాబట్టి ఈ నేలది పొడి స్వభావమనో తడి స్వభావమనో ఒక్కమాటలో చెప్పడం కుదరదు. మూడు నెలలు నీళ్లలో నానుతుంది, ఆ తర్వాత నెలల తరబడి ఎండుతుంది. మొక్క రెంటినీ ఓర్చుకోవాలి.

ఈ ఓర్పు అన్ని మొక్కలకూ ఉండదు. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి రంధ్రాల్లో నీరు నిండితే వేళ్లకు ఊపిరాడదు, కుళ్లు మొదలవుతుంది. 1950లో కె.ఎం. మున్షీ ప్రారంభించిన వన మహోత్సవం నాటి నుంచీ మనకు మొక్కలు నాటే పండుగ జులైలోనే వస్తోంది. పల్లపు నేలలో గుంత తవ్వి, మెట్టనేల మొక్కను అందులో దించితే ఆ గుంతే నీటి తొట్టి అవుతుంది. మొక్క పసుపు తిరిగి చనిపోతే నేల చెడ్డదంటారు. నేలకు తగని మొక్కను తెచ్చి అందులో పెట్టినవారిని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

వావిలి అలా కాదు. తెలుగువాళ్లకు ఈ పొదను పరిచయం చేయనక్కర్లేదు. కాలువ గట్ల మీద, వాగుల వెంట, చేల కంచెల్లో పెరిగేదే. బాలింతల స్నానానికి వావిలాకు వేసి నీళ్లు కాచని పల్లె ఉండేది కాదు. వినాయక చవితి నాడు మనం చదివే ఇరవైయొక్క పత్రిలో సింధువారం ఇదే. ఢిల్లీ తెలుగు కుటుంబాలు ఆ ఒక్కరోజు ఈ ఆకు కోసం బజార్లన్నీ వెతుకుతాయి. హిందీలో నిర్గుండి, సంభాలూ అని పిలిచే ఈ పొద ఉత్తరాది మైదానాల్లో కూడా కాలువల పక్కన, తేమ నేలల్లో పెరుగుతూ వచ్చినదే. వానకు గట్టు నానినా బతుకుతుంది, మే నెల ఎండకు మాడినట్టు కనిపించినా మొదట్లోంచి చిగురిస్తుంది. ఆకు ఘాటుకు పశువులు ముట్టవు కాబట్టి కంచె కట్టాల్సిన పని లేదు.

ఇక్కడ అసలు విషయం దాని పువ్వు. ఊదా నీలం రంగులో చిన్న చిన్న పూలు కొమ్మ చివర గుత్తిగా వస్తాయి. ఒక్కో పువ్వుకు రెండు పెదవులు, కింది పెదవి పెద్దది. ఈగ దాని మీద వాలి తల లోపలికి దూర్చితే బయటికి పొడుచుకొచ్చిన కేసరాలు దానికి పుప్పొడి రాస్తాయి. గుత్తి ఒక్కరోజులో విచ్చుకుని అయిపోదు. కొన్ని పూలు రాలుతుంటే మరికొన్ని విప్పుకుంటూ రోజుల తరబడి తేనె ఇస్తుంది. వేసవి చివర మొదలై వానాకాలం పొడుగునా పూత సాగుతుంది. చిన్న తేనెటీగలు, పెద్ద పెర తేనెటీగలు, నీలిచారల ఒంటరి ఈగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకలు అన్నీ దాని మీద వాలతాయి.

ఇది వానాకాలంలో పూస్తుందన్న సంగతిని పచ్చదనం గురించి మాట్లాడేవాళ్లు పట్టించుకోవడం లేదు. ఈ నగరం పూల క్యాలెండర్‌ను ఒకసారి చూడండి. డాలియా, పిటూనియా, పాన్సీ అన్నీ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. రాష్ట్రపతి భవన్ తోటను జనం కోసం ప్రధానంగా తెరిచేది అప్పుడే. న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ నెదర్లాండ్స్ నుంచి ట్యూలిప్ దుంపలు తెప్పించి కూడళ్లలో నాటిస్తోంది. జీ20 సమావేశాలు జరిగిన 2023లో వాటి సంఖ్య లక్ష దాటింది. అవి పూసేదీ ఫిబ్రవరిలోనే, మార్చి ఎండ తగలగానే అయిపోతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అల్వర్, భరత్‌పూర్, రేవాడీ చేలన్నీ ఆవపూలతో పచ్చగా ఉంటాయి, తేనెటీగలకు తిండికి లోటు ఉండదు. ఆ తర్వాత ఏప్రిల్‌లో వేప, మేలో రేల పూస్తాయి. జులై వచ్చేసరికి పెద్ద చెట్ల పూత దాదాపు ముగుస్తుంది. సజ్జ, జొన్న పుప్పొడి ఇస్తాయి గాని తేనె ఇవ్వవు. రేగు పూతకు సెప్టెంబరు దాకా ఆగాలి. పచ్చిక కోసే యంత్రం వారం వారం తిరిగే పార్కులో గడ్డిపూలు కూడా మిగలవు. అంటే కడుపు నిండి ఉన్నప్పుడు విందు పెట్టి, ఆకలి వేళ తలుపు మూసేస్తున్నాం. ఆగస్టులో పూసే వావిలి పొద ఫిబ్రవరిలో పూసే పూలమడి కంటే తేనెటీగలకు ఎంతో విలువైనది. ఇది తెలిసినవాళ్లు తోటలు వేస్తే ఢిల్లీ తోటలు ఇలా ఉండేవి కావు.

ఏ పువ్వైతేనేం అనే మాట మరో రూపంలోనూ వినిపిస్తుంది. బోగన్‌విల్లాలో మనం పూలనుకునే రంగురంగుల భాగాలు నిజానికి ఆకులే. అసలు పువ్వు వాటి మధ్య సన్నని గొట్టంలా ఉంటుంది, పొట్టి నాలుక ఉన్న ఈగలకు అందులోని తేనె అందదు. ముద్దపూల రకాల్లో కేసరాలే రెక్కలుగా మారిపోతాయి. చూడ్డానికి నిండుగా ఉన్నా ఈగకు అక్కడ దొరికేది దాదాపు ఏమీ ఉండదు. సరాయ్ కాలే ఖాన్ దగ్గర యమున ఒడ్డున ఢిల్లీ అభివృద్ధి సంస్థ వేసిన బాంసేరా వెదురు తోట గురించి గొప్పగా చెబుతారు. వెదురు గడ్డిజాతిది. దశాబ్దాలకొకసారి పూస్తుంది, పూసినా పుప్పొడిని గాలికి వదులుతుంది. ఒక నది మైదానంలో అంత చోటు తీసుకుని తేనెటీగకు ఒక్క చుక్క తేనె ఇవ్వని మొక్కను పెంచడాన్ని ప్రకృతికి మేలు చేయడం అని నేను అనలేను. 2023 జులై వరద ఆ తోటలోకీ, నది ఒడ్డునే ఉన్న అసితా తోటలోకీ వచ్చిపోయింది. నది మునిగే చోట ఏం పెంచాలో నదినే అడగాలి.

ప్రతివాదుల్లో కాస్త లోతుగా ఆలోచించేవాళ్లు లాంటానాను చూపిస్తారు. అది బయటి మొక్కే అయినా దాని మీద సీతాకోకచిలుకలు ముసురుతున్నాయి కదా, స్వదేశీ మొక్కే కావాలన్న పట్టుదల ఎందుకంటారు. న్యాయమైన ప్రశ్నే. సీతాకోకచిలుకలు లాంటానా తేనె తాగుతాయి, నిజం. కానీ సీతాకోకచిలుక జీవితం తేనె తాగడంతో మొదలవదు. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆకు తిని పెరగాలి, అదీ తన జాతికి అలవాటైన మొక్క ఆకే కావాలి. లాంటానా ఆకును మన సీతాకోకచిలుకల పురుగులు తినవు. జీలుగ ఆకు మీద మాత్రం పచ్చని చిన్న సీతాకోకచిలుక, అదే గడ్డిమైదానాల్లో నేలబారుగా ఎగిరే పసుపుపచ్చది, గుడ్లు పెట్టి తన సంతానాన్ని పెంచుకుంటుంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన లాంటానా ఢిల్లీ రిడ్జ్ గుట్టల మీద ఎంత మేర కమ్మేసిందో, కింద మరో మొలకను ఎలా రానివ్వడం లేదో చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తడి నేలల్లో ఆ పని లొట్టపీసు చేస్తోంది. హిందీవాళ్లు దాన్ని బేహయా అంటారు. అదీ దక్షిణ అమెరికాదే. లేత ఊదా పూలు చూసి మురిసిపోయి దాన్ని గట్టున ఉంచేస్తే రెండేళ్లలో కుంటంతా దానిదే.

జీలుగను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన రైతులు దీన్ని పచ్చిరొట్ట ఎరువుగా చల్లి, పూతకు రాగానే కలియదున్నేస్తారు. హర్యానా రైతులు ఢైంచా పేరుతో చేసేదీ అదే. దున్నకుండా వదిలేస్తే ఏం చేస్తుందో నగరవాసులకు తెలియదు. నీట మునిగిన కాండం నుంచి కొత్త వేళ్లు పుట్టించుకుంటుంది, ఆ వేళ్లలో గాలి నడిచే బోలు కణజాలం ఏర్పరచుకుంటుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. దాని పసుపు పువ్వు చిక్కుడు జాతి పువ్వు. కింది రెక్కలు పడవలా మూసుకుని ఉంటాయి, చిన్న ఈగ బరువుకు తెరుచుకోవు. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి వాలితే పడవ కిందికి వంగుతుంది, కేసరాలు బయటపడతాయి. వావిలి నిలవ నీటిలో నెలల తరబడి బతకదు. దానికి గట్టు, అంచు, కాసేపు నిండి కాసేపట్లో తీసే నేల కావాలి. అంతకంటే లోతట్టు చోటు జీలుగది. ఇసుకా ఉప్పూ కలిసిన ఏటి ఒడ్డు ఝావుది. ఒకప్పుడు యమున ఖాదర్, అంటే నది వరద మైదానం, అంతా దాని పొదలే. దాని పుల్లలతో బుట్టలు అల్లేవారు. సన్నని గులాబీ పూలు వానాకాలంలో పూస్తాయి, వాటి చుట్టూ ఈగలు తిరుగుతూనే ఉంటాయి.

తుమ్మెదలు బతికితే మనకేం అని అడిగేవాళ్లు ఖాదర్ కూరగాయల చేలకు వెళ్లి చూడాలి. పల్లా నుంచి జైత్‌పూర్ దాకా ఢిల్లీలో యమున నడిచే 52 కిలోమీటర్ల పొడుగునా ఎక్కడ సాగు మిగిలి ఉంటే అక్కడ వంగ, నేతిబీర, సొర కనిపిస్తాయి. వంగ పువ్వులో పుప్పొడి కేసరాల లోపల బిగిసి ఉంటుంది, కొసన చిన్న రంధ్రం తప్ప దారి లేదు. తుమ్మెదగాని, నీలిచారల ఈగగాని ఆ పువ్వును పట్టుకుని రెక్కల కండరాలు అదిలించి ఝుమ్మనిపిస్తేనే పుప్పొడి ధారగా రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. నేతిబీర పసుపు పూల మీద పొద్దున్నే వాలేదీ తుమ్మెదలే. తేనె విప్లవం పేరిట పెట్టెలు పంచడాన్ని నేను తప్పుపట్టను. రైతుకు అది ఆదాయం. కానీ పెట్టెలు పెట్టామని చెప్పి అడవి ఈగల సంగతి తీరిపోయిందనుకోవడం మాత్రం తప్పు. పెట్టెలోని ఐరోపా జాతి తేనెటీగకు చక్కెర పాకం పోసి వానాకాలం గట్టెక్కిస్తారు. తుమ్మెదకు పాకం పోసేవాళ్లు లేరు. దానికి పూసే పొద కావాలి, తొర్ర తొలుచుకోవడానికి ఎండు కొమ్మ కావాలి. ఒంటరి ఈగల్లో ఎక్కువ జాతులకు గూడు కట్టుకోవడానికి పచ్చిక కప్పని ఉత్త మట్టి కావాలి. చిన్న ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు కూడా. వజీరాబాద్ దగ్గర యమునా జీవవైవిధ్య ఉద్యానం ఉంది. ఆచార్య సి.ఆర్. బాబు మార్గదర్శనంలో ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పాడుబడిన ఖాదర్ నేలలో చిత్తడినీ స్వదేశీ మొక్కల్నీ మళ్లీ నిలబెట్టారు. ఈ నగరంలో జరిగిన గొప్ప పనుల్లో అదొకటి. కానీ అక్కడి పూత ద్వారకలోని ఈగకు అందదు. ప్రతి కాలనీ పల్లపు మూలలో ఓ నాలుగు పొదలుంటేనే ఈగలు ఒకచోటి నుంచి మరోచోటికి సాగే దారి కలుస్తుంది.

మరి ఎందుకు పెంచడం లేదు? మొక్క దొరకక కాదు, ఖర్చు ఎక్కువై కాదు. మన పచ్చదనం లెక్కలో పొదకు చోటు లేదు. భారత అటవీ సర్వే సంస్థ ఒక హెక్టారు నేలలో కనీసం పది శాతం చెట్ల పందిరి ఉంటేనే అటవీ విస్తీర్ణం అంటుంది. అంతకంటే తక్కువ పందిరితో పొదలు నిండిన నేలను విడిగా పొదనేల అని రాసి పక్కన పెడుతుంది. 1994 నాటి ఢిల్లీ వృక్ష పరిరక్షణ చట్టం చెట్టుకు ఇచ్చిన నిర్వచనంలో, నేల నుంచి ముప్పై సెంటీమీటర్ల ఎత్తున కాండం అయిదు సెంటీమీటర్ల మందం ఉండాలి. మొదట్లోంచే పది సన్నని కొమ్మలుగా లేచే వావిలి ఈ కొలతకు అందదు. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, అనుమతి ఇస్తే బదులు మొక్కలు నాటాలి. ఇరవై ఏళ్లుగా పూస్తున్న పొదల వరుసను మాత్రం ఒక పూటలో జేసీబీతో పెకలించినా అడిగేవారుండరు. లెక్కకు రానిదాన్ని ఏ అధికారీ నాటించడు, ఏ గుత్తేదారూ కాపాడడు. చెట్లు వద్దని నేను అనడం లేదు. చెట్టు ఒక్కటే పచ్చదనం అన్న కొలబద్ద తప్పంటున్నాను. పల్లపు నేలల్లో బదులు మొక్కల కోటాలో స్వదేశీ పూల పొదలనూ లెక్కించాలి, పాత పొదలను తొలగించాలంటే అనుమతి తప్పనిసరి చేయాలి. ఈ రెండు సవరణలకు పెద్ద ఖర్చేమీ అవదు.

దోమల భయం నిజమైన భయం. డెంగీలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలున్న ఊరిది, ఆ భయాన్ని తేలిక చేయకూడదు. అయితే డెంగీ దోమ పుట్టేది కూలర్లలో, మూతలేని ట్యాంకుల్లో, పూలకుండీ కింది పళ్లేల్లో, పారేసిన టైర్లలో. మురుగు కాలువల్లో పెరిగేది క్యూలెక్స్ అనే మరో రకం దోమ. గుడ్డు దోమ కావాలంటే నీరు వారం పదిరోజులు కదలకుండా నిలవాలి. నీరు ఇంకిపోయే చిత్తడి నేల వేరు, నిలవ నీరు వేరు. పచ్చిక పరిచి, రోలరుతో తొక్కించి, నీరు ఇంకకుండా చేసిన నేలలోనే వాన నీరు ఎక్కువసేపు నిలుస్తుంది. పొద వేళ్లు నేలను గుల్ల చేస్తాయి, రాలిన ఆకు తేమను పట్టుకుంటుంది. సాయంత్రాలు పార్కుల్లో కొట్టే మందు పొగ మాత్రం దోమతోపాటు పొదల్లో తలదాచుకున్న ఈగల్నీ సీతాకోకచిలుకల్నీ చంపుతుంది. వారానికోసారి కూలరు కడిగించగలిగితే ఆ పొగ అవసరం చాలావరకు తప్పుతుంది.

ఈ వాదనను పట్టుకుని ఉన్న తడి నేలలన్నిటినీ పొదలతో నింపమనీ నేను చెప్పను. గ్రేటర్ నోయిడా దగ్గర ధనౌరీలో కొంగజాతికే పెద్దలైన సారస్ పక్షులు గూడు కట్టేది బయలుగా ఉన్న తడిలోనే. హర్యానాలోని సుల్తాన్‌పూర్, భిందావాస్ 2021లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కినవి, వాటి లోతులేని నీళ్లు వలస పక్షులవి. అలాంటి చోట ఒక్క మొక్కా నాటకూడదు. ఒక జాతిని బతికించాలన్న ఉత్సాహంలో మరో జాతి ఇల్లు పూడ్చేస్తే ఆ పాపం మనదే. నేను చెప్పేది ఇప్పటికే మనిషి చెరిపేసిన పల్లాల గురించి. పార్కు మూలలు, వాననీటి కాలువ గట్లు, పాఠశాల ఆవరణలో నీరు చేరే అంచులు, వంతెనల కింది నేలలు, అపార్ట్‌మెంట్ల వెనక ఇంకుడు గుంతల చుట్టూ ఉన్న నేల.

పొద పెంచడానికి తోటమాలులు చాలరని చివరగా అంటారు. పచ్చికకు కావలసిన నీరు, కోత, ఎరువు చూసుకున్నాక ఈ మాట అనేవారుండకూడదు. వావిలికి తొలకరిలో పెన్సిలు మందం కొమ్మను జానెడు పొడవు కోసి, సగం మట్టిలోకి గుచ్చితే చాలు. నీరు మరీ నిలిచే చోట జానెడు ఎత్తు మట్టి దిబ్బ చేసి దాని మీద నాటాలి, మొక్కకూ మొక్కకూ రెండు మీటర్లు వదలాలి. మొదటి వేసవి ఒక్కటీ వారానికోసారి నీళ్లు పోయాలి. రెండో ఏడు నుంచి దాని దారి అది చూసుకుంటుంది. పూత కొత్త కొమ్మల మీద వస్తుంది కాబట్టి ఏటా జనవరి చివర మోకాలి ఎత్తుకు నరకాలి. నరికిన కొమ్మల్లో నాలుగు ఎండువి అక్కడే ఓ మూల తుమ్మెదలకు వదిలేయాలి. జులైలో మళ్లీ లేత కొమ్మలు కోసి పక్క కాలనీవాళ్లకు ఇవ్వవచ్చు. భాద్రపదంలో పత్రికి ఎవరైనా వచ్చి అడిగితే గుత్తులున్న కొమ్మలు మాత్రం వదిలేసి, కిందివైపు ఆకు కోసుకోమనాలి.